స్కోరు ఎంతొస్తే ఏం తెలిసినట్టు?

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రెండో వేవ్ నాడు, తెలుగు ఇళ్లలో ఫోన్ మోగితే ముందు వచ్చే ప్రశ్న ‘ఎలా ఉన్నారు’ కాదు, ‘సీటీ స్కోరు ఎంత?’ అని. పాతికకు ఆరు అంటే హమ్మయ్య అనుకునేవారు. పాతికకు పదిహేను అంటే ఇల్లంతా టెన్షన్. దానికి తోడు సీఆర్పీ, డీ-డైమర్, ఫెరిటిన్, ఎల్‌డీహెచ్, ఐఎల్-6 అనే రక్త పరీక్షలు. ల్యాబ్ రిపోర్టు పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో దిగేది. అందులో బోల్డు అక్షరాల్లో ఉన్న అంకె ఏదో చూసుకుని, తెలిసిన డాక్టరుకో, ఆ డాక్టరు తెలిసిన వాళ్లకో ఫార్వర్డ్ చేసేవారు.

ఆ పాతిక ఎక్కడిదో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు తమ్మెలు, ఎడమవైపు రెండు, మొత్తం ఐదు. స్కాన్‌లో ఒక్కో తమ్మె ఎంత మేర దెబ్బతిన్నట్టు కనిపిస్తే అంతకు తగ్గట్టు సున్నా నుంచి ఐదు దాకా మార్కులు. ఐదు ఐదులు పాతిక. అంతే లెక్క. స్కోరు ఎక్కువున్న వారిలో ఎక్కువమంది చనిపోయారన్నది అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని ‘అందుకే స్కాన్ తీయించాలి’ అనేశారు. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని కొలవడానికే వైద్య పరిశోధనలో క్రమబద్ధ సమీక్షలు ఉన్నాయి.

క్రమబద్ధ సమీక్ష అంటే ఒక ప్రశ్న మీద ప్రపంచంలో ఎక్కడ జరిగిన అధ్యయనాన్నైనా, ముందే రాసిపెట్టుకున్న నియమాల ప్రకారం వెతికి, ఏరి, తూచి ఒకచోట పెట్టడం. మందుల విషయంలో ఈ పని కాస్త సులువు. చీటీ వేసినట్టు సగంమందికి మందు, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన ట్రయల్స్ ఉంటాయి కాబట్టి పోల్చుకోవచ్చు. మలేరియా స్మియర్ లాంటి రోగ నిర్ధారణ పరీక్షను తూచడమూ ఫర్వాలేదు. జబ్బు ఉందా లేదా అన్న నిజం ఈ రోజే, ఈ రక్తంలోనే ఉంది. జబ్బు ఎటు పోతుందో చెప్పే పరీక్షల దగ్గరే చిక్కు. అక్కడ నిజం ఇంకా జరగలేదు. నెలకో, ఐదేళ్లకో జరుగుతుంది. పైగా ఆ పరీక్ష ‘అవును, కాదు’ అని చెప్పదు. ‘ఇలాంటి వాళ్లు వందమంది ఉంటే ఇరవైమంది’ అని చెబుతుంది. ఆ ఇరవైలో మనవాడు ఒకడైతే పరీక్ష తప్పినట్టా? కాదు. అంటే ఒక్క మనిషిని చూసి ఇలాంటి పరీక్ష మంచిచెడ్డలు ఎప్పటికీ తేల్చలేం. గుంపును చూడాలి. ఏ గుంపును, ఎవరు, ఎలా పోగేశారన్నదే అసలు కథ.

సమీక్ష చేసేవారు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ పరీక్ష లేకుండానే డాక్టరుకు తెలిసిన దానికి ఇది కొత్తగా ఏం కలిపింది? వినడానికి మామూలు ప్రశ్నే. కానీ పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం దీన్ని అడగనే అడగవు. అవి అడిగేది, ఈ పరీక్ష ఫలితానికీ చావుకూ సంబంధం ఉందా అని. సంబంధం ఉండటం పెద్ద విశేషమేమీ కాదు. ఒంట్లో జబ్బు ముదిరిన మనిషికి పది రకాల అంకెలు పెరుగుతాయి. అన్నిటికీ చావుతో సంబంధం కనిపిస్తుంది.

కోవిడ్ సమయంలో ఈ ప్రశ్నను నేరుగా అడిగిన అధ్యయనం ఒకటి లండన్‌లో జరిగింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఆసుపత్రిలో చేరిన 411 మంది రోగుల వివరాలు తీసుకుని, రోగి వివరాల నుంచి ముప్పును లెక్కగట్టే సూత్రాలు, అంటే మోడళ్లు, అప్పటికే ప్రచురితమైనవి 22 తీసుకుని వారి మీద పరీక్షించారు. కొన్నిటిలో రక్త పరీక్షలు బోలెడు, కొన్నిటిలో పెద్ద గణితం. చివరికి తేలిందేమిటంటే, ఆసుపత్రిలో చేరినప్పుడు మామూలు గాలి పీలుస్తూ ఉన్న ఆక్సిజన్ శాతం ఒక్కటే రోగి పరిస్థితి దిగజారుతుందా అన్నది బాగానే చెప్పింది. వయసు ఒక్కటే చావు ముప్పును బాగానే చెప్పింది. నిర్ణయం తీసుకోవడంలో ఈ రెంటినీ మించి నికరంగా ఉపయోగపడిన మోడల్ 22లో ఒక్కటీ లేదు. ఒకటి వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్. రెండోది ఆధార్ కార్డులో ఉంటుంది.

ఆ 22 మోడళ్లు తయారు చేసినవాళ్లు మోసగాళ్లు కారు. ఎవరి ఆసుపత్రి లెక్కల్లో వారి మోడల్ చక్కగానే పనిచేసింది. సమస్య అక్కడే ఉంది. తన దగ్గరున్న రోగుల లెక్క చూసి సూత్రం కట్టి, మళ్లీ అదే రోగుల మీద దాన్ని పరీక్షిస్తే, పుస్తకం వెనక జవాబు చూసి లెక్క చేసినట్టే. నూటికి నూరు రాకపోతేనే ఆశ్చర్యం. వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో, సూత్రం ఎప్పుడూ చూడని రోగుల మీద పెట్టి చూస్తేగానీ సరుకెంతో తేలదు.

కోవిడ్ అంచనా మోడళ్లన్నిటినీ పోగేసి, ఎప్పటికప్పుడు కొత్తవి చేరుస్తూ వచ్చిన సమీక్ష బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు అందులో ఉన్నవి 31 మోడళ్లు. చివరి విడతకు వచ్చేసరికి, జబ్బు ఎటు పోతుందో చెప్పే మోడళ్లే 606. వాటిలో 545 నమ్మడానికి వీల్లేనంత లోపాలున్నవని తేల్చారు. లోపం తక్కువని చెప్పగలిగినవి 29. మిగిలిన 32 గురించి ఎటూ చెప్పలేమన్నారు. వందల కొద్దీ బృందాలు ఒక ఉపద్రవం మధ్యలో రాత్రింబవళ్లు కూర్చుని చేసిన పనికి ఇది చేదు లెక్క. నిజానికి ఆ శ్రమలో సగం కొత్త మోడళ్లకు కాకుండా ఉన్న మోడళ్లను పరీక్షించడానికి పెట్టి ఉంటే బాగుండేది. అయితే ఉన్నదాన్ని పరీక్షించామంటే జర్నల్‌లో చోటు దొరకడం కష్టం. కొత్తది కనిపెట్టామంటే తేలిక.

లోపాలను తేల్చింది ఏదో అభిప్రాయంతో కాదు. ప్రోబాస్ట్ అనే కొలబద్ద ఉంది. 2019లో వచ్చింది. రోగులు ఎవరు, వారిలో ఏం కొలిచారు, ఫలితాన్ని ఎలా నిర్ణయించారు, గణితం ఎలా చేశారు అన్న నాలుగు తలాల కింద 20 ప్రశ్నలు. ఒకే పరీక్ష లేదా ఒకే అంశం గురించైతే క్విప్స్ అని మరో కొలబద్ద వాడతారు. ఎక్కువ మోడళ్లు దెబ్బతినేది చివరి తలంలో, గణితం దగ్గర. చనిపోయినవారు ముప్పైమంది, సూత్రంలో కుక్కిన అంశాలు ఇరవై అయితే ఆ సూత్రం జబ్బును కాదు, ఆ ముప్పైమందినే వర్ణిస్తుంది. ఇంకో మామూలు తప్పు, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నవారిని లెక్కలోంచి తీసేయడం. చనిపోయినవారూ, తొందరగా కోలుకుని ఇంటికెళ్లినవారూ మిగులుతారు. మధ్యలో మంచాన పడి కొట్టుమిట్టాడుతున్నవారు మాయం. రెండు కొసలే మిగిలితే ఏ పరీక్షకైనా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇవి కనిపించే లోపాలు. సమీక్షకులకు ఇంతకంటే పెద్ద తలనొప్పి, కనిపించని అధ్యయనాలు. దీనికి 2005లో గ్రీస్ పరిశోధకులు చేసిన ఒక పని మంచి ఉదాహరణ. తల, మెడ క్యాన్సర్లలో పీ53 అనే జన్యువు తేడాగా ఉన్న రోగులకు చావు ముప్పు ఎక్కువా అన్నది వారి ప్రశ్న. నోటి క్యాన్సర్ ఈ కోవలోదే. గుట్కా, ఖైనీల వల్లా, ఉత్తర కోస్తా పల్లెల్లో చుట్ట కాలే కొసను నోట్లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు వల్లా మనకు బాగా తెలిసిన జబ్బు.

వాళ్లు లెక్కను విడతలు విడతలుగా చేశారు. ముందుగా, వెతికితే సులువుగా దొరికే 18 అధ్యయనాలను వాటి రచయితలు ఎంచుకున్న నిర్వచనాలతోనే కలిపారు. చావు ముప్పు 38 శాతం ఎక్కువని వచ్చింది. తర్వాత అందరికీ ఒకే నిర్వచనం పెట్టారు. అవే 18 అధ్యయనాలు, 38 కాస్తా 27కి దిగింది. తర్వాత, అచ్చయినా పరిశోధన పత్రాల జాబితాల్లో ‘చావు’, ‘బతుకు’ అన్న మాటల కింద నమోదుకాని, అందువల్ల మామూలు వెతుకులాటలో చిక్కని 13 అధ్యయనాలను చేర్చారు. 23కి దిగింది. ఆఖరున, రచయితలకు ఉత్తరాలు రాసి, అచ్చు కాకుండా వారి దగ్గరే ఉండిపోయిన సమాచారాన్ని మరో 11 అధ్యయనాల నుంచి తెప్పించారు. 16కి దిగింది. ఆ 16 కూడా కాకతాళీయం కాదని చెప్పలేని స్థితి. ఇక్కడ అబద్ధం చెప్పినవారు ఒక్కరూ లేరు. బాగా వచ్చిన ఫలితాన్ని ముందుకు తెచ్చి పెట్టుకోవడం, రాని దాన్ని బీరువాలో ఉంచేయడం, అంతే.

అదే బృందంవారు తర్వాత, క్యాన్సర్ ఎటు పోతుందో చెప్పే సూచికల మీద వచ్చిన 1,575 పత్రాలను తిరగేస్తే, దాదాపు 96 శాతం పత్రాలు ‘సంబంధం ఉంది’ అనే చెప్పాయి. నూటికి తొంభై ఆరు పెళ్లిచూపుల్లో సంబంధం కుదిరిందంటే నమ్ముతామా? ఇదీ అంతే. మనం రోజూ చేయించుకునే సీఆర్పీ సంగతీ ఇలాగే ఉంది. నిలకడగా ఉన్న గుండె రక్తనాళాల జబ్బులో సీఆర్పీ మీద వచ్చిన 83 అధ్యయనాలను 2010లో సమీక్షించారు. సీఆర్పీ బాగా ఎక్కువున్న మూడోవంతు మందికి, తక్కువున్న మూడోవంతుతో పోలిస్తే ముప్పు దాదాపు రెట్టింపని వచ్చింది. అచ్చుకాని అధ్యయనాల లోటును గణితంతో సరిచేసి చూస్తే ఆ రెట్టింపు కాస్తా 19 శాతానికి పడిపోయింది. విశ్లేషణ ఎలా చేస్తామో ముందుగా రాసిపెట్టుకున్నామని చెప్పిన అధ్యయనం ఆ 83లో ఒక్కటీ లేదు.

ముందుగా రాసిపెట్టుకోవడం ఎందుకంత ముఖ్యమో గీత గీసే దగ్గర తెలుస్తుంది. రక్తంలో ఏదో పదార్థం ఎంత దాటితే ‘ఎక్కువ’ అనాలి? పరిశోధకుడు పది గీతలు గీసి చూసి, బతికినవారికీ పోయినవారికీ తేడా ఏ గీత దగ్గర బాగా కనిపిస్తే ఆ గీతను ‘సరైన హద్దు’ అని రాసేస్తాడు. దీన్ని 1994లోనే గణాంక శాస్త్రవేత్త డగ్లస్ ఆల్ట్‌మన్, ఆయన సహచరులు లెక్కగట్టి చూపించారు. అసలు ఏ సంబంధమూ లేని పదార్థానికి కూడా ఇలా హద్దు వెతుక్కుంటే సంబంధం ఉన్నట్టు తేలే అవకాశం నూటికి 5 నుంచి 40 దాకా పోతుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఒకే కొలతకు అప్పటికే 19 రకాల హద్దులు పత్రాల్లో తిరుగుతున్నాయి. ఇప్పుడు ఆ పత్రాలను కలపమంటే సమీక్షకుడు ఏం చేయాలి? ఒకరి ‘ఎక్కువ’ ఇంకొకరి ‘తక్కువ’ అయితే, వాటి సగటుకు అర్థమేముంది? చాలాసార్లు నిజాయితీగల జవాబు ‘కలపకూడదు’ అన్నదే. ఫారెస్ట్ ప్లాట్ అనే బొమ్మలో ఒక్కో అధ్యయనానికి ఒక్కో చుక్క చొప్పున నిలువుగా పేర్చి, కింద సగటుకు వజ్రం గుర్తు పెడితే శాస్త్రీయంగానే కనిపిస్తుంది. కానీ గుర్తు కింద సరుకుండదు.

ఇంకో ఉచ్చు ఉంది, దీన్ని పట్టుకోవడం మరీ కష్టం. ఒక ఆసుపత్రిలో సీటీ స్కోరు 15 దాటితే ఐసీయూకి పంపాలని నియమం పెట్టారనుకుందాం. అదే ఆసుపత్రి రికార్డులతో, సీటీ స్కోరు ఐసీయూ అవసరాన్ని ముందే చెబుతుందా అని అధ్యయనం చేస్తే? బ్రహ్మాండంగా చెబుతుంది. స్కోరే పంపింది, స్కోరే చెప్పింది. దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. పరీక్షలో ముప్పు ఎక్కువని తేలినవారికి డాక్టర్లు మంచి వైద్యం ముందుగా అందిస్తే వారు బతుకుతారు. రికార్డు తీసి చూస్తే పరీక్ష తప్పు చెప్పినట్టుంటుంది. మంచి పని చేసినందుకే పరీక్షకు చెడ్డపేరు. అందుకే ఫలితాన్ని నిర్ణయించినవారికి పరీక్ష రిపోర్టు ముందే తెలుసా, మధ్యలో ఏ వైద్యం ఇచ్చారు అన్నవి సమీక్షలో తప్పక చూస్తారు. ఆ వివరాలు పత్రంలో ఉంటే కదా!

ఇక అంకెల సంగతి. ఇలాంటి పరీక్షలకు రెండు గుణాలుంటాయి. ఒకటి, వరస పెట్టడం. జబ్బు ముదిరిన ఒక మనిషినీ, ముదరని ఒక మనిషినీ జత చేసి ఇస్తే, మొదటివాడికే ఎక్కువ ముప్పు చూపిందా? జతలన్నిటిలో ఎంత భాగం సరిగ్గా చెప్పిందో దాన్ని సీ-సూచిక అంటారు. 0.5 అంటే బొమ్మా బొరుసూ, 1 అంటే ఒక్కటీ తప్పలేదు. రెండోది, తూకం. ‘ఇరవై శాతం ముప్పు’ అని చెప్పిన వందమందిలో నిజంగా ఇరవైమందికే జరిగిందా? పత్రాల్లో మొదటిదాన్ని గొప్పగా చెబుతారు, రెండోదాన్ని తరచూ వదిలేస్తారు. మంచం పక్కన కూర్చున్న మనిషికి కావలసింది మాత్రం రెండోదే. అంకెలన్నిటినీ రెట్టింపు చేసి చెప్పినా వరస చెడదు, సీ-సూచిక చెక్కుచెదరదు. బెంబేలెత్తేది రోగి.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి రెండేళ్లలో, ఐదేళ్లలో డయాలసిస్ దాకా వెళ్లే ముప్పు చెప్పే సూత్రం ఒకటుంది. 2011లో కెనడాలో కట్టారు. వయసు, ఆడా మగా, కిడ్నీ వడపోత వేగం, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, ఈ నాలుగూ చాలు. 2016లో దాన్ని ముప్పైకి పైగా దేశాల్లో, 31 గుంపుల్లో, ఏడు లక్షలకు పైగా రోగుల మీద పరీక్షించారు. రెండేళ్ల అంచనాకు సీ-సూచిక 0.90. ఈ రంగంలో ఇది అరుదైన మార్కు. అయినా తూకం దగ్గర తేడా వచ్చింది. ఉత్తర అమెరికా బయట చాలా గుంపుల్లో సూత్రం ముప్పును పెంచి చెప్పింది. రెండేళ్ల అంచనాకు పునాదిగా ఉన్న ముప్పును దాదాపు మూడోవంతు తగ్గించి రాస్తేగానీ సరిపోలేదు. వరస అదే, అంకె వేరు.

తెలుగువారికి ఇక్కడ సహజంగా గుర్తొచ్చేది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి చుట్టుపక్కల కొబ్బరితోటల్లో, జీడితోటల్లో పనిచేసే మనుషులకు, షుగరూ బీపీ లేకుండానే వచ్చే కిడ్నీ జబ్బు. దాని లక్షణాల్లో ఒకటి, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవడం. మరి నాలుగు కాళ్ల సూత్రంలో ఒక కాలు అల్బుమిన్ మీదే ఉంది. అల్బుమిన్ తక్కువుంటే సూత్రం ముప్పు తక్కువనే చెబుతుంది. ఏడు లక్షల మంది మీద నెగ్గినంత మాత్రాన కవిటి మనిషికి ఆ అంకె సరిపోతుందని అనుకోవడానికి లేదు. అక్కడి మనుషుల మీద పెట్టి చూడాలి. సమీక్ష పత్రాల్లో ‘మన రోగులకు వర్తిస్తుందా’ అని ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఆఖరున, అలసిపోయాక నింపుతారు. ఉద్దానం లాంటి చోట్ల అది మొదట నింపాల్సిన గడి.

వరస సరిగ్గా ఉంది, తూకం కూడా కుదిరింది. ఆ తర్వాతా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ అంకె తెలిశాక చేసేది ఏమైనా మారుతుందా? హార్మోన్ మందులకు లొంగే రకం రొమ్ము క్యాన్సర్‌లో 21 జన్యువుల పరీక్ష ఒకటి ఉంది. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టే ముప్పును సున్నా నుంచి వంద దాకా స్కోరుగా చెబుతుంది. స్కోరు మరీ తక్కువైతే కీమో అక్కర్లేదు, మరీ ఎక్కువైతే కావాలి. మధ్యలో పడ్డవారి సంగతి? స్కోరు 11 నుంచి 25 మధ్య వచ్చిన 6,711 మంది స్త్రీలను రెండు వాటాలు చేసి, ఒక వాటాకు హార్మోన్ మందులు మాత్రమే, ఇంకో వాటాకు దానితోపాటు కీమో ఇచ్చారు. 2018లో ఫలితం వచ్చింది. తొమ్మిదేళ్లకు జబ్బు తిరగబెట్టక, మరో క్యాన్సర్ రాక, బతికి ఉన్నవారు కీమో లేనివారిలో 83.3 శాతం, కీమో తీసుకున్నవారిలో 84.3 శాతం. అంటే ఆ మధ్య స్కోరువారిలో చాలామంది జుట్టు ఊడకుండా, వాంతులు పడకుండా బయటపడొచ్చు. యాభై ఏళ్లు, అంతకు లోపువారిలో, స్కోరు 16 నుంచి 25 ఉన్నవారికి మాత్రం కీమో వల్ల కొంత లాభం కనిపించింది. ఆ మాట కూడా అదే పత్రంలో ఉంది. ఇలా చీటీలు వేసి, అంకె చూసి నిర్ణయం మార్చితే ఏమవుతుందో తేల్చినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతా పరీక్షలన్నీ ‘ముప్పు చెబుతాం’ అనే దగ్గరే ఆగిపోతాయి.

కోవిడ్ సీటీ స్కోరును ఈ ప్రశ్న ముందు నిలబెడితే ఏమవుతుంది? ఆక్సిజన్ 97 ఉన్న కుర్రాడికి స్కోరు తొమ్మిది వచ్చినా, నాలుగు వచ్చినా అప్పట్లో చేయాల్సింది ఒక్కటే. ఇంట్లో ఉండి, ఆక్సిజన్ చూసుకుంటూ ఉండటం. ఆక్సిజన్ 88 ఉన్నవారికీ అంతే, స్కోరు ఎంతైనా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. 2021 మే మొదట్లో అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా, తేలికపాటి లక్షణాలున్నవారు సీటీ తీయించుకోవద్దని చెప్పారు. అప్పటికే స్కానింగ్ సెంటర్ల ముందు క్యూలు రోడ్డు మీదకు వచ్చేశాయి. క్యూలో నిలబడ్డవారిని తప్పుపట్టలేం. ఏమవుతుందో తెలియని రోజుల్లో ఏదో ఒక అంకె చేతిలో ఉంటే కొంత ధైర్యం.

కోవిడ్ మోడళ్ల సమీక్షలో వందల కొద్దీ వడపోసినా నిలబడినవాటిలో ఒకటి, బ్రిటన్‌లో 260 ఆసుపత్రుల రోగులతో కట్టిన ఫోర్ సీ మరణ స్కోరు. 35 వేల మందికి పైగా రోగుల మీద తయారుచేసి, ఆ తర్వాత చేరిన 22 వేల మందికి పైగా కొత్త రోగుల మీద పరీక్షించారు. టీకాలకు ముందటి రోజులవి. ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి ముప్పైమంది చనిపోతున్న కాలం. టీకాలు వచ్చాక, జబ్బు మారాక ఆ శాతాలు అలాగే చదవకూడదు. మొత్తం 21 పాయింట్లు. మూడు, అంతకంటే తక్కువ వస్తే చనిపోయినవారు నూటికి ఒకరు, 15, ఆపైన వస్తే నూటికి అరవై రెండుమంది. అందులో చూసేవి ఎనిమిది: వయసు, ఆడా మగా, ఇతర జబ్బులు ఎన్ని, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, ఆక్సిజన్ శాతం, తెలివి ఎంత ఉంది, రక్తంలో యూరియా, సీఆర్పీ. మొదటి ఆరింటికి ఆక్సీమీటరు, గడియారం, రోగితో నాలుగు మాటలు చాలు. రక్తం తీయాల్సింది ఆఖరి రెంటికి. సీటీ స్కాన్ ఆ జాబితాలోనే లేదు. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులకు పెట్టిన గరిష్ఠ ధరల్లో సీఆర్పీకి 500 రూపాయలు, ఛాతీ సీటీ స్కాన్‌కు (హెచ్‌ఆర్‌సీటీ) 1,995.